చైనా అతిథికి గది ఇచ్చే ముందు సిబ్బందికి శిక్షణ ఇవ్వండి: తెలుగు రాష్ట్రాల హోటల్ యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోటల్ యజమానులకు, జనరల్ మేనేజర్లకు, హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలల నిర్వాహకులకు,

నమస్కారం. హోటల్ సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా వృత్తి. గల్ఫ్‌లోనూ ఇక్కడా ఫ్రంట్ ఆఫీసులో పనిచేసిన అనుభవంతో, తోటి శిక్షకుల తరఫున కూడా ఈ లేఖ రాస్తున్నాను. ఇందులోని విషయాలను యజమానుల సమావేశంలో ఒకసారి నోటిమాటగా విన్నవించాం, తర్వాత రాతపూర్వకంగా ఇచ్చాం. జవాబు రాలేదు. ఈలోగా నష్టపోతున్నవారు నెల జీతం మీద బతికే చిన్న ఉద్యోగులు కాబట్టి ఇక బహిరంగంగా అడగక తప్పడం లేదు.

2020లో నిలిచిపోయిన పర్యాటక వీసాలను భారత ప్రభుత్వం చైనా పౌరులకు 2025 జులై 24 నుంచి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబర్ 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానం బయలుదేరింది, ఆ తర్వాత ఢిల్లీ నుంచి కూడా సర్వీసులు వచ్చాయి. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు పర్యాటకులకన్నా ముందు వచ్చేది పని మీద వచ్చేవారు. చైనాకు చెందిన టీసీఎల్ సంస్థ డిస్‌ప్లే ప్యానెళ్ల కర్మాగారం పెట్టింది తిరుపతి దగ్గరే. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా విద్యుత్ బస్సుల వెనుక ఉన్నది చైనా సంస్థ బీవైడీ సాంకేతికత. యంత్రాలు బిగించడానికి వచ్చే ఇంజినీరు రెండు రోజులు ఉండి పోయే యాత్రికుడు కాడు, వారాల తరబడి ఒకే గదిలో ఉండి ఒకే భోజనశాలలో మూడు పూటలా తినవలసినవాడు. అతనితో మన తేడాలు మొదటి రోజు చిరునవ్వులో దాగినా పదో రోజుకు బయటపడతాయి.

చైనా నుంచి వచ్చేవారు ఎంతమంది, వారికోసం ఇంత ఏర్పాటు దేనికని కొందరు అడుగుతున్నారు. 2019లో థాయ్‌లాండ్‌కు దాదాపు 1.1 కోట్ల మంది చైనీయులు వెళ్లారు. చిన్న ద్వీపదేశమైన మాల్దీవులకు 2.8 లక్షల మంది వెళ్లారు. ఇంత పెద్ద మన దేశానికి అంతటికీ కలిపి వచ్చినవారు సుమారు 3.4 లక్షలు. దూరం, వీసా, భద్రత, శుభ్రత వంటి కారణాలు అనేకం ఉన్నాయి, అవన్నీ హోటల్ చేతిలో లేవు. అయితే అతిథి గడప దాటి లోపలికి వచ్చాక జరిగేది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

మేము ఈ లేఖకు పూనుకోవడానికి కారణమైన సంఘటన ఒకటి చెబుతాను. ఒక హోటల్లో రాత్రి షిఫ్టులో ఉన్న రిసెప్షన్ అమ్మాయి ఒక చైనా జంటకు ఒకే గది ఇవ్వడానికి సందేహించింది. పాస్‌పోర్టుల్లో వారి ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయి, పెళ్లి పత్రం చూపమని అడిగింది. వారితో వచ్చిన బృందమంతా మరునాడు వేరే హోటల్‌కు మారింది. యాజమాన్యం ఆ అమ్మాయికి మెమో ఇచ్చి, జీతంలో కోత పెట్టింది. చైనాలో స్త్రీ పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోదని ఆమెకు ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. ఆమె చేసింది ఆ హోటల్ ఆమెకు నేర్పిన పనే. నేర్పవలసింది నేర్పని యాజమాన్యం మాత్రం తన వంతు నష్టాన్ని ఆమె జీతంలోంచి రాబట్టుకుంది.

మేము గమనించినవాటిని కింద వరుసగా పెడుతున్నాను.

1. ఫ్రంట్ ఆఫీసు దగ్గరే సగం గొడవలు పుడుతున్నాయి. చైనీయులకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారికి ఇది అర్థం కాని విషయం కాదు. అయినా కంప్యూటర్‌లో పేరు తలకిందులుగా ఎక్కించి, అతిథిని సొంత పేరుతో చనువుగా పిలుస్తున్నాం. పెద్ద హోదాలో ఉన్నవారిని ఇంటిపేరుతో, హోదాతో కలిపి పిలవాలి. విదేశీ అతిథి వివరాలను 24 గంటల్లో ప్రభుత్వానికి పంపవలసిన బాధ్యత, అంటే మనం ఫారం-సి అని పిలిచే పని, హోటల్‌పై ఉంది కాబట్టి పేరు తప్పుపడితే అది మర్యాదతో ఆగకుండా చట్టం దాకా పోతుంది. అలాగే నాలుగు అంకె వారికి చావును గుర్తుచేస్తుంది. చైనాలో చాలా భవనాల్లో 4, 14 అంతస్తులకు ఆ నంబర్లు ఉండవు. బృందంలోని పెద్దాయనకు 404 తాళం ఇచ్చి, మార్చమంటే వాదించడం అనవసరం. అదే సమయంలో, యువకుల్లో చాలామంది దీన్ని పట్టించుకోరు కాబట్టి ముందే ఊహించుకుని హడావిడి చేయవలసిన పని కూడా లేదు.

2. వేడినీళ్లు. చైనాలో పిల్లల నుంచి వృద్ధుల వరకు వేడినీళ్లు తాగడం రోజువారీ అలవాటు. మండుటెండలోనైనా మనం ఆదరంతో అందించే ఐసు నీళ్లను చాలామంది పక్కన పెట్టేస్తారు. గదిలో కెటిల్, టీ ఆకు, చెప్పుల జత పెట్టడం వందల రూపాయల్లో అయిపోయే ఖర్చు. దాన్ని తేలికగా తీసుకోకండి. 2013లో మాల్దీవుల్లోని ఒక రిసార్ట్ చైనీయుల గదుల్లోంచి కెటిళ్లు తీసివేయించిందని, వారు గదిలోనే నూడుల్స్ చేసుకుని భోజనశాలకు రావడం లేదన్నదే కారణమని ఆరోపణ వచ్చింది. రిసార్ట్ దాన్ని ఖండించింది. అయినా చైనా సోషల్ మీడియాలో మాల్దీవులకే వెళ్లవద్దన్న పిలుపులు హోరెత్తాయి. అంతకు రెండేళ్ల ముందే, 2011లో, హిల్టన్ సంస్థ చైనా అతిథుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది: గదిలో కెటిల్, చైనా టీ, చెప్పులు, మాండరిన్ (చైనా అధికార భాష) చానల్, ఉదయం బియ్యపు జావ, ఫ్రంట్ డెస్క్‌లో మాండరిన్ తెలిసిన ఒక ఉద్యోగి. ఇందులో చివరిది తప్ప మన జిల్లా కేంద్రంలోని మధ్యతరగతి హోటల్ కూడా రేపే చేయలేనిది ఏదీ లేదు.

3. వంటగది విషయం కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే మన ఫిర్యాదుల పుస్తకాల్లో ఎక్కువ పేజీలు దీనివే. మన మెనూల్లో చైనీస్ అన్న శీర్షిక కింద ఉండే గోబీ మంచూరియా, చిల్లీ చికెన్ భారతదేశంలో పుట్టిన వంటకాలు. చైనా నుంచి వచ్చిన మనిషికి అవి కొత్త తిండి. వాటిని వడ్డించి మీ ఊరి వంట పెట్టామని చెప్పడం వల్ల ఆదరణ కన్నా ఇబ్బంది ఎక్కువ కలుగుతుంది. పైగా చైనా అంటే ఒకే రుచి కాదు. సిచువాన్ నుంచి వచ్చినవారు కారం ఇష్టంగా తింటారు, కాని ఆ కారం నాలుక తిమ్మిరెక్కించే వేరే రకం మిరియంతో కలిసినది, గుంటూరు మిరపతో దానికి పోలిక లేదు. గ్వాంగ్‌డాంగ్ వారు చప్పగా, పదార్థం అసలు రుచి తెలిసేటట్టు, ఆవిరి మీద ఉడికించినది ఇష్టపడతారు. ఉత్తరాది వారికి గోధుమ, నూడుల్స్ ముఖ్యం. చైనాలోని హుయి తెగ ముస్లింలు హలాల్ అడుగుతారు.

ఇంత వైవిధ్యం చూసి చెఫ్‌లు బెదిరిపోనక్కరలేదు. మన వంటింట్లో ఉన్నదానితోనే చాలావరకు సర్దుకోవచ్చు. ఉప్పు వేయని పల్చని బియ్యపు జావ, పక్కన కొంచెం నిల్వ కూరగాయ, ఉడికించిన గుడ్డు ఉంటే చాలామందికి ఉదయం గడిచిపోతుంది. కొంచెం మెత్తగా, ముద్దగా ఉడికిన అన్నం వారికి పొడిపొడిగా ఉండే బాస్మతి కన్నా నచ్చుతుంది, చాప్‌స్టిక్స్‌కు అందుతుంది. ఆకుకూరను వెల్లుల్లితో రెండు నిమిషాలు వేయించి పచ్చదనం పోకముందే దించితే అదే కూర. పాలు, పెరుగు, నెయ్యి ప్రతి వంటలోనూ కలపడం మనకు గొప్ప, వారిలో చాలామంది కడుపుకు పడదు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి బల్లపై పెట్టకూడదని వడ్డించే స్టీవర్డులకు తప్పక చెప్పాలి, అది చనిపోయినవారికి చేసే అర్పణను గుర్తుచేస్తుంది. అతిథుల కోసం అవసరానికి మించి వంటకాలు తెప్పించడం అక్కడి పాత మర్యాద. అయితే 2021లో చైనా ఆహార వృథాను అరికట్టే చట్టం తెచ్చింది, అలవాటు మారుతోంది. మిగిలినది కట్టి ఇవ్వమంటే స్టీవర్డు ముఖం చిట్లించకూడదు.

4. డబ్బు చెల్లింపు, ఫోను. చైనా అతిథి తన దేశంలో దాదాపు అన్నిటికీ ఫోనుతోనే చెల్లిస్తాడు. ఇక్కడ అతని యాప్‌లు పనికిరావు. వీచాట్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. అతనికి అది మాట, సందేశం, ఆఫీసు, కుటుంబం అన్నీ. హోటల్ వైఫై పాడైందనుకుని అర్ధరాత్రి రిసెప్షన్‌పై కేకలు వేసిన అతిథులున్నారు, నిషేధం సంగతి చెప్పలేక తలలు వంచుకున్న మన పిల్లలున్నారు. ఇది బుకింగ్ ఖరారు చేసే ఉత్తరంలోనే రాయవలసిన వాక్యం. నిషేధాన్ని తప్పించుకునే అడ్డదారులు సిబ్బంది చెప్పకూడదని కూడా అంతే స్పష్టంగా ఆదేశించాలి. జీ-20 దేశాల ప్రయాణికులకు యూపీఐతో చెల్లించే వీలును రిజర్వ్ బ్యాంకు 2023లో కల్పించింది. ఈ సంగతి ఎన్ని హోటళ్ల క్యాషియర్లకు తెలుసో మీరే విచారించండి.

5. ఒప్పందాలు, విందులు. ఇది యజమానులకే చెప్పవలసిన అంశం, ఎందుకంటే ఈ బల్ల దగ్గర కూర్చునేది మీరే. నలుగురిలో పరువు పోవడం మనకెంత బాధో వారికీ అంతే. బృంద నాయకుడి లెక్కలో తప్పు దొరికితే అతని కింది ఉద్యోగుల ముందు ఎత్తిచూపవద్దు, విడిగా చెప్పండి. గదిలో పొగ తాగారని కారిడార్‌లో నిలబెట్టి జరిమానా వేసేకన్నా, నియమాన్ని ముందే చైనా భాషలో ముద్రించి నాయకుడి చేతికివ్వడం వల్ల పని అవుతుంది. 2013లో చైనా పర్యాటక శాఖే విదేశాలకు వెళ్లే తన పౌరుల ప్రవర్తన గురించి 64 పేజీల పుస్తకం వేసింది, కాబట్టి నియమం చెప్పినందుకు ఎవరూ నొచ్చుకోరు, చెప్పిన తీరుకు నొచ్చుకుంటారు. ‘ఆలోచించి చెబుతాం’ అన్న జవాబు చాలాసార్లు కాదనడమే, దాన్ని ఖాయమనుకుని గదులు ఆపి నష్టపోయిన సేల్స్ మేనేజర్లను నేనెరుగుదును. సంతకాలయ్యాక కూడా ధర గురించి మళ్లీ మాట్లాడితే మోసమని మండిపడకండి. వారికి ఒప్పందం సంబంధానికి ఆరంభం, పరిస్థితి మారితే మాట్లాడుకోవచ్చన్నది వారి నమ్మకం. అందుకే రద్దు రుసుము, అదనపు మంచం, అల్పాహారం వంటి వాటిలో ఏవి మారవచ్చో, ఏవి మారవో కాగితంపై పెట్టండి. విందులో ఆతిథ్యమిచ్చేవారు తలుపుకు ఎదురుగా, ముఖ్య అతిథి వారి కుడిపక్కన కూర్చోవడం పద్ధతి. గ్లాసు తగిలించేటప్పుడు పెద్దవారి గ్లాసు కన్నా మీది కొంచెం కిందుగా ఉండాలి. మద్యం తాగనివారు మొహమాటపడకుండా ముందే చెప్పి టీతో పాల్గొనవచ్చు. బిల్లును బల్ల మీదికి తేకుండా పక్కన చెల్లించండి. వసంత పండుగ (చైనా కొత్త సంవత్సరం) సెలవుల్లో, అక్టోబర్ 1 నుంచి వచ్చే జాతీయ సెలవుల్లో అక్కడి కార్యాలయాలు మూసి ఉంటాయి, బకాయిల కోసం ఆ రోజుల్లో ఎకౌంట్స్ గుమాస్తాను వేధించి ప్రయోజనం లేదు.

6. శిక్ష ఎవరికి పడుతోంది అన్నది మా అసలు ఆవేదన. చైనా అతిథి చాలాసార్లు కౌంటర్ దగ్గర ఫిర్యాదు చేయడు. నవ్వుతూ చెకౌట్ చేసి, తర్వాత తన దేశపు వెబ్‌సైట్లలో తన భాషలో రాస్తాడు. అది మేనేజర్‌కు తెలిసేసరికి వారాలు గడుస్తాయి, ఆనాడు డ్యూటీలో ఉన్న రూమ్ బాయ్‌ని పిలిచి నిలదీస్తారు. పెద్ద సంస్థల్లోనూ ఇదే జరిగింది. 2018 జనవరిలో మారియట్ సంస్థ చైనా భాషలో పంపిన ప్రశ్నావళిలో చైనా తనవిగా చెప్పే టిబెట్, హాంకాంగ్, మకావు, తైవాన్‌లను వేర్వేరు దేశాలుగా చూపింది. షాంఘై అధికారులు దాని చైనా వెబ్‌సైట్‌ను వారం రోజులు మూయించారు. టిబెట్‌కు మద్దతిచ్చే ఒక సంస్థ ట్వీట్‌ను కంపెనీ ఖాతా నుంచి లైక్ చేసినందుకు అమెరికాలోని ఒమాహాలో గంటకు 14 డాలర్ల జీతంపై పనిచేసే ఉద్యోగి కొలువు పోయింది. ప్రశ్నావళిని ఆమోదించిన వ్యవస్థ పెద్దది, ఉద్యోగం పోయినది చిన్నవాడికి. మన హోటళ్లలో ఇలాంటిది జరిగితే నెల జీతం మీద బతికే పిల్లలకు న్యాయం అడిగే దిక్కు కూడా ఉండదు.

7. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి హైదరాబాద్ హోటళ్లలో పనిచేస్తున్న సోదర సోదరీమణుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముఖం పోలిక చూసి, భాష వస్తుందన్నట్టు వారినే చైనా అతిథుల దగ్గరకు పంపుతున్నారు. మాండరిన్ వారి భాష కాదు. 2020లో కరోనా పేరుతో మన వీధుల్లో వారిని అవమానించిన సంగతి మరిచిపోదగినది కాదు. అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఉద్యోగితో ఏ అతిథి అయినా ఆ రాష్ట్రం గురించి నొప్పించే మాట అంటే, మేనేజర్ వెంటనే ఉద్యోగి పక్కన నిలబడాలి, అతిథి సత్కారం పేరుతో ఉద్యోగినే నోరుమూయించకూడదు.

గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆ దుఃఖం మనందరిదీ. ఆ నెలలోనే ఢిల్లీలో ఒక హోటల్ యజమానుల సంఘం చైనీయులకు గదులివ్వబోమని ప్రకటించింది. ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆవేశాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే సరిహద్దు ప్రభుత్వాలు, సైన్యం చూసుకునే విషయం, వీసా ఇచ్చింది మన ప్రభుత్వమే. గది అమ్ముకుని డబ్బు తీసుకున్నాక ఆ అతిథిని సరిగ్గా చూడడం మన వృత్తి ధర్మం. ఈ రెండింటి మధ్య ఎలా మెలగాలో తెలియక నలిగిపోయేది మళ్లీ స్టీవర్డే. అతిథి రాజకీయం మాట్లాడితే ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో అతనికి రాతపూర్వకంగా ఇవ్వండి.

8. బౌద్ధ క్షేత్రాల చుట్టూ ఉన్న హోటళ్లకు ఒక మాట. చైనా బౌద్ధంలో ఆచార్య నాగార్జునుడి స్థానం ఎంతో గొప్పది. ఏడో శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ మన ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చి కొన్ని నెలలుండి చదువుకున్నాడు. అమరావతి, నాగార్జునకొండ, 2022లో ప్రారంభమైన బుద్ధవనం, విశాఖ దగ్గరి తొట్లకొండ, బావికొండలకు చైనా యాత్రికులు రాదగిన కారణం ఇంతకన్నా ఏం కావాలి? నిష్ఠగల చైనా బౌద్ధులు మాంసంతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట మన ఇళ్లలో పండుగ రోజున చేసేదే, దాన్ని వండగలవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారిని వంటగదిలోకి పిలవడమే మిగిలింది.

పై కారణాలతో మేము కోరుతున్నవి ఇవి.

1. చైనా బృందంతో ఒప్పందం చేసుకునే ప్రతి హోటల్, మొదటి అతిథి రాకముందే ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, కిచెన్, సర్వీస్ సిబ్బందికి జీతంతో కూడిన పని గంటల్లో శిక్షణ ఇవ్వాలి. సెలవు రోజున పిలిచి ఇచ్చేది శిక్షణగా లెక్కించకూడదు.

2. నేర్పని విషయంలో జరిగిన పొరపాటుకు మెమో, జీతం కోత, సస్పెన్షన్ ఉండకూడదు. పైన చెప్పిన రిసెప్షన్ ఉద్యోగినికి కోత పెట్టిన జీతం తిరిగి ఇచ్చి, మెమో వెనక్కి తీసుకోవాలి. ఆ యాజమాన్యానికి ఈ లేఖ ఎవరి గురించో తెలుసు.

3. ఒక్కో హోటల్‌కు మాండరిన్ ఉద్యోగి భారమైతే, ఒకే ఊళ్లోని నాలుగైదు హోటళ్లు కలిసి ఒకరిని పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో (ఇఫ్లూ) చైనా భాష నేర్చుకున్న మన పిల్లలున్నారు. వారికి గౌరవప్రదమైన జీతం ఇవ్వండి.

4. గదిలోని సూచనలు, మెనూ, అలెర్జీ వివరాలు, అగ్నిప్రమాద హెచ్చరిక చైనా భాషలో ఉండాలి. ఫోను యాప్ అనువాదాన్ని అలాగే ముద్రించకుండా భాష తెలిసిన మనిషితో సరిచూయించాలి. అగ్నిప్రమాద సూచనలో ఒక్క తప్పు ప్రాణాల మీదికి వస్తుంది.

5. హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలలు తూర్పు ఆసియా అతిథుల గురించి ఒక పాఠ్యాంశాన్ని, అసలైన చైనా వంటపై ప్రాక్టికల్‌ను వచ్చే విద్యా సంవత్సరం నుంచే చేర్చాలి.

6. యజమానుల సంఘాలు ఈ లేఖపై సిబ్బంది ప్రతినిధులతో సమావేశం ఏర్పాటు చేసి, తేదీని నెల రోజుల్లోగా ప్రకటించాలి. శిక్షణ పాఠాలు మావద్ద తెలుగులో సిద్ధంగా ఉన్నాయి, వాటిని ఏ హోటల్‌కైనా ఉచితంగా ఇస్తాం. వచ్చే సీజన్ రేట్లు టూర్ ఆపరేటర్లతో ఖరారు చేసుకునేలోగా మీ జవాబు రావాలని కోరుతున్నాం.

భవదీయురాలు,
హోటల్ సిబ్బంది శిక్షకురాలు, తోటి శిక్షకుల తరఫున